రాత్రి పదిన్నరకి కథ ఎందుకు కదలదు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చెబుతున్నాయి. టైమ్ దొరుకుతోంది, కూర్చుంటున్నాం, బుర్ర మాత్రం కదలడం లేదు అని. కథలు రాసేవాళ్లు, బొమ్మలు వేసేవాళ్లు, పాటలు కట్టేవాళ్లు అందరూ ఉన్నారు వీళ్లలో. అందుకని మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టి, వీటికే జవాబులు రాస్తున్నాను. మొదటి ఉత్తరం చాలామంది పరిస్థితి చెబుతోంది కాబట్టి దాని జవాబు పొడుగైంది.

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇదివరకు కథలు రాసేవాణ్ణి, కొన్ని పత్రికల్లో వచ్చాయి కూడా. ఇప్పుడు ఇంటికి చేరేసరికి ఎనిమిది, పాపని పడుకోబెట్టేసరికి పది దాటుతుంది. పదిన్నరకి లాప్‌టాప్ తెరుస్తాను. ఒక వాక్యం రాస్తాను, కొట్టేస్తాను. కాసేపటికి చేతిలో ఫోనుంటుంది, పన్నెండు దాకా రీల్స్ చూస్తుంటాను. శని, ఆదివారాల్లో ఖాళీ ఉన్నా అదే వరస. రాయాలన్న కోరిక నిజమైనదైతే ఇలా జరగదు కదా? నేను సోమరినా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కాదు. ముందు ఆ మాట పక్కన పెట్టండి. పగలంతా మీరు చేసే పనేమిటో ఒకసారి చూడండి. కోడ్ చదవడం, తప్పెక్కడుందో వెతకడం, ఈ పద్ధతి మంచిదా ఆ పద్ధతి మంచిదా అని తేల్చడం, మధ్యమధ్య మీటింగుల్లో ఏం చెప్పాలో ఏం చెప్పకూడదో లెక్కేసుకోవడం. కథ రాసేటప్పుడు చేసేదీ ఇలాంటి పనే. ఈ పాత్ర ఇక్కడ నోరు విప్పాలా వద్దా, ఈ వాక్యం ఉండాలా పోవాలా, నిమిషానికొకటి ఎంచుకుంటూనే ఉండాలి. పొద్దుట్నుంచీ అదే పని చేసి వచ్చిన బుర్రని రాత్రి పదిన్నరకి మళ్లీ అదే చెయ్యమంటున్నారు, అది చెయ్యకపోతే మీ కోరికని అనుమానిస్తున్నారు.

2022లో పారిస్ పరిశోధకులు కొంతమంది చేత ఆరు గంటలకు పైగా బుర్రకి బాగా పనిపెట్టే పరీక్షలు చేయించారు, ఇంకొంతమందికి అలాంటివే తేలికవి ఇచ్చారు. కష్టమైనవి చేసినవాళ్ల మెదడు ముందుభాగంలో, అంటే మనం ఆగి ఆలోచించి నిర్ణయించుకునేందుకు పనికొచ్చే చోట, గ్లుటమేట్ అనే పదార్థం ఎక్కువగా పోగుపడినట్టు కనిపించింది. దానికన్నా మనకి పనికొచ్చే సంగతి ఏమిటంటే, రోజు గడిచేసరికి వాళ్లు ఆగితే వచ్చే పెద్ద మొత్తం కన్నా వెంటనే చేతికొచ్చే చిన్న మొత్తం వైపు, కష్టపడితే వచ్చేదానికన్నా తేలిగ్గా వచ్చేదాని వైపు ఎక్కువగా మొగ్గారు. పదిన్నరకి మీ ఇంట్లో జరిగేదీ ఇదే అనిపిస్తుంది నాకు. కథ ఎప్పటికో పూర్తవుతుంది, రీల్ ఇప్పుడే నవ్విస్తుంది. ఒక్క పరిశోధనతో అంతా తేలిపోదు గానీ, ఆ వేళకి ఫోను గెలవడంలో వింతేమీ లేదని చెప్పడానికి ఇది చాలు.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. మనోబలం ట్యాంకులో నీళ్లలాంటిది, వాడేకొద్దీ తగ్గిపోతుంది, తీపి తింటే మళ్లీ నిండుతుంది అని చాలాకాలం గట్టిగా ప్రచారమైంది. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి, రెండు వేల మందికి పైగా మనుషులతో ఆ నమ్మకానికి ఆధారమైన ప్రయోగాల్లాంటిది మళ్లీ చేసి చూస్తే ప్రభావం దాదాపు ఏమీ కనిపించలేదు. మెదడు ఊరికే ఉన్నప్పుడు కూడా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఐదో వంతు వాడుకుంటుంది, గట్టిగా ఆలోచించినందువల్ల ఆ ఖర్చు పెద్దగా పెరగదు. అందుకని రాత్రి చాక్లెట్టు తిని కూర్చుంటే కథ రాదు. ‘నా శక్తి ఇంతే’ అని నిర్ణయించేసుకోవాల్సిన అవసరం కూడా లేదు. మారాల్సింది పని పెట్టుకున్న వేళ.

మీరు పదిన్నర నుంచి పన్నెండు దాకా ఫోనుకిస్తున్న గంటన్నర నిద్రకి ఇవ్వండి. పదిన్నరకే పడుకోండి. పొద్దున పాప లేవకముందు నలభై ఐదు నిమిషాలు కథకి ఇవ్వండి, రోజూ కుదరకపోతే వారంలో నాలుగు రోజులు. ఇందులో కొత్తేముంది, బ్రాహ్మీ ముహూర్తంలో లేవమని మా తాతగారూ చెప్పారు అంటారేమో. నేను చెప్పేది అది కాదు. పన్నెండుకి పడుకుని నాలుగుకి లేవమనే సలహాలు నాకు అస్సలు నచ్చవు. అలా లేచినవాళ్లు రెండు వారాలు రాసి మూడో వారం జ్వరం తెచ్చుకోవడం చూశాను. రాత్రి నిద్ర తగ్గకుండా ఉంటేనే పొద్దున లేవండి. పొద్దున మీకు పడకపోతే ఆఫీసుకి అరగంట ముందు వెళ్లి, మెయిల్ తెరవకుండా క్యాంటీన్‌లో కూర్చుని రాసుకోండి. మెయిల్ తెరవకుండా అన్నది ముఖ్యం. ఒక్కటి చదివినా ఆ పూటంతా దాని చుట్టూనే తిరుగుతారు.

ఆంథొనీ ట్రాలప్ అని 19వ శతాబ్దపు ఇంగ్లిష్ నవలాకారుడు ఉండేవాడు, పోస్టల్ శాఖలో ఉద్యోగి. పొద్దున ఐదున్నరకల్లా బల్ల ముందు ఉండేవాడు, ఉద్యోగానికి వెళ్లేలోపు మూడు గంటలు పనిచేసేవాడు. గడియారం ఎదురుగా పెట్టుకుని పావుగంటకి 250 మాటలు అని లెక్క పెట్టుకున్నాడు. ఆ మాటల లెక్క మనకి అక్కర్లేదు. ఆయన చేసిన ఇంకో పని తీసుకోండి. మొదటి అరగంట ముందురోజు రాసింది చదువుకునేవాడు. మీరు పది నిమిషాలు చదవండి చాలు. తెల్ల పేజీని చూస్తూ కూర్చోవడం తప్పుతుంది, పాత్రల గొంతులు మళ్లీ వినిపిస్తాయి.

మరి రాత్రుల్ని ఏం చెయ్యాలి? అలిసిన బుర్ర అన్ని పనులకీ పనికిరానిది కాదు. చేత్తో రాసింది టైప్ చేసుకోవచ్చు, అచ్చుతప్పులు దిద్దుకోవచ్చు, క్యాబ్‌లో విన్న మాటలు నోట్ చేసుకోవచ్చు. 2011లో వచ్చిన ఒక చిన్న పరిశోధనలో, ఒక్కసారిగా తట్టాల్సిన చిక్కుప్రశ్నల్ని మనుషులు తమకి చురుకుగా ఉండే వేళ కన్నా మందకొడిగా ఉండే వేళ బాగా విప్పారు. ఏకాగ్రత కాస్త సడలితే సంబంధం లేని విషయాలు కూడా లోపలికి వస్తాయి, వాటిలోంచి ఒకటి పనికొస్తుంది. కాబట్టి రాత్రి ఊహలు వస్తే రానివ్వండి, రెండు ముక్కలు రాసుకుని పడుకోండి. వాక్యాలు మాత్రం రాత్రి కట్టొద్దు. ముఖ్యంగా, రాత్రి కొట్టెయ్యొద్దు. అలసటలో అంతా చెత్తగా కనిపిస్తుంది, బాగున్న పేరాలు కూడా ఎగిరిపోతాయి.

శనివారం సంగతి. రోజంతా ఖాళీగా ఉంది కాబట్టి రాద్దాం అనుకుంటే ఏ కథ, ఎక్కణ్ణుంచి, ఎప్పుడు అన్న మూడు ప్రశ్నలకీ అప్పుడే జవాబు వెతుక్కోవాలి, ఈలోపు కూరగాయలు, పాప డాక్టరు, ఎవరో ఒకరి గృహప్రవేశం. శుక్రవారం రాత్రే ఒక వాక్యం రాసిపెట్టుకోండి, ‘రేపు ఏడింటికి, రత్తాలు బస్టాండులో దిగిన దగ్గర్నుంచి’ అని. అమెరికన్ నవలాకారుడు హెమింగ్వే 1958లో అచ్చయిన ఒక ఇంటర్వ్యూలో చెప్పిన పద్ధతి కూడా దీనికి సాయపడుతుంది. తర్వాత ఏం జరుగుతుందో తెలిసిన చోట ఆపేసేవాడాయన, మర్నాడు అక్కణ్ణుంచి మొదలుపెట్టేవాడు. తెలిసినదంతా రాసేసి, ఏమీ తోచని చోట ఆపితే మర్నాటి ఓపికంతా మొదలుపెట్టడానికే ఖర్చవుతుంది.

ఇంకొక్కటి. ఉద్యోగం మీ కథల్ని తినేస్తోందన్న కోపం కూడా మీకు ఉండొచ్చు. రావిశాస్త్రి విశాఖపట్నంలో వకీలు. ఆయన కథల నిండా ఆ కోర్టుల్లో, ఆ బోనుల్లో కనిపించే మనుషులే. మీరు రోజుకి తొమ్మిది గంటలు గడిపే చోటు తెలుగు కథలోకి ఇంకా సరిగా రానే లేదు. లేఆఫ్ మెయిల్ వచ్చిన మధ్యాహ్నం ఆ ఫ్లోర్‌లో ఎవరు ఎవరితో ఏం మాట్లాడారో మీకు తెలుసు, నాకు తెలియదు. నేను చదవాలనుకుంటున్న కథ అది.

ప్రశ్న: వయసు 41, గృహిణిని. పెళ్లికి ముందు బొమ్మలు వేసేదాన్ని. ఇప్పుడు ఒక పిల్లల కథల పుస్తకానికి బొమ్మలు వేస్తానని ఒప్పుకున్నాను. పొద్దున తొమ్మిదిన్నర తర్వాత ఇంట్లో నేనూ అత్తగారే. కూర్చోగానే గ్యాస్ బండ వస్తుంది, కొరియర్ వస్తుంది, అత్తయ్యకి మాత్రలివ్వాలి, మావారు ఏదో కాగితం ఎక్కడుందో ఫోన్ చేసి అడుగుతారు. అన్నీ రెండు నిమిషాల పనులే. కానీ తిరిగొచ్చాక చెయ్యి ఎక్కడ ఆగిందో తెలీదు. దానికితోడు ఎప్పుడూ నీరసం. – ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: రెండు నిమిషాల పని రెండు నిమిషాలు కాదమ్మా, మీరు రాసిన మాటల్లోనే అది ఉంది. ఒక పని సగంలో వదిలి ఇంకోదానికి వెళితే మొదటి దాని ఆలోచన కొంత వెంటే ఉండిపోతుందని, దానివల్ల రెండో పని సరిగా సాగదని సోఫీ లెరాయ్ అనే పరిశోధకురాలు 2009లో చూపించింది. మీకు అటూ ఇటూ రెండు వైపులా జరుగుతోంది. మాత్రలిస్తున్నప్పుడు కుందేలు చెవి గుర్తొస్తుంది, చెవి గీస్తున్నప్పుడు ఇచ్చింది పొద్దుటి మాత్రేనా అని అనుమానం వస్తుంది.

అదే పరిశోధకురాలు 2018లో ఇంకొకరితో కలిసి చేసిన పనిలో దీనికి ఒక ఉపాయం కూడా ఉంది. లేచే ముందు, మళ్లీ వచ్చాక ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో ఒక ముక్క రాసుకుంటే ఆ వెంటాడటం తగ్గుతుంది. బొమ్మ పక్కన ఒక చిత్తుకాగితం పెట్టుకోండి. బెల్ మోగితే మోగనివ్వండి, ‘ఎడమ చెవి నీడ, తర్వాత గడ్డి, ఇంకాస్త పసుపు’ అని రాసి అప్పుడు లేవండి. కొరియర్ అబ్బాయి పది సెకన్లు ఆగుతాడు.

కానీ అసలు పని కాగితంతో అయ్యేది కాదు, ఇంట్లో చెప్పాలి. పైన ట్రాలప్ గురించి రాశాను కదా, ఆయన్ని పొద్దున్నే లేపి కాఫీ తెచ్చివ్వడానికి ఒక ముసలి పనివాడు ఉండేవాడు, అందుకు ఏడాదికి ఐదు పౌన్లు అదనంగా ఇచ్చేవాడు. ఆ మూడు గంటలూ ఆయన్ని గ్యాస్ బండ కోసం పిలిచినవాళ్లు లేరు. మన ఇళ్లలో ఆడవాళ్ల పనికి ఆ పాటి గౌరవం అడక్కుండా దొరకదు, అడగాలి. ‘పదింటి నుంచి పదకొండున్నర దాకా నేను పనిలో ఉంటాను, ఫోన్ తియ్యను’ అని మీవారికి చెప్పండి. అడిగినట్టు కాదు, చెప్పినట్టు చెప్పండి. కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి ఆ ఫైలు ఎక్కడుందో ఒకసారి చూపించండి. అత్తగారి మాత్రలు పదిలోపే ఇచ్చేయండి, పక్కన నీళ్ల సీసా, ఆవిడకి కావలసినవి పెట్టండి, గీసిన బొమ్మ మధ్యాహ్నం ఆవిడకే ముందు చూపించండి. పెద్దవాళ్లకి ఆ పని ఏమిటో తెలిస్తే చాలామంది వాళ్లే కాపలా కాస్తారు. ఈ పుస్తకానికి డబ్బు వస్తోందా రావడం లేదా అన్నది ఎవరైనా అడిగితే, అది వేరే విషయమని చెప్పండి.

నీరసం గురించి రాసింది ఒక్క వాక్యమే గానీ నన్ను ఆపింది అదే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య ఆడవాళ్లలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. రక్తం తక్కువగా ఉంటే ఏకాగ్రత కూడా నిలవదు. మీకు అదే ఉందని నేను చెప్పలేను, పరీక్ష చేయించుకుంటే తెలుస్తుంది. డాక్టర్ని కలిసి హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు అవసరమేమో అడగండి. ఈ వారమే వెళ్లండి. ఏ టైమ్‌టేబులూ దీనికి మందు కాదు.

ప్రశ్న: నాకు 23. షార్ట్ ఫిల్ములకి పాటలు రాస్తాను. మంచి లైన్లన్నీ రాత్రి ఒంటిగంట తర్వాతే వస్తాయి. అందుకోసం సాయంత్రం నుంచి నాలుగైదు టీలు తాగుతాను. పొద్దున తొమ్మిదికి షాపులో ఉద్యోగం, అక్కడ నిద్ర ఆగదు. పొద్దున్నే లేచి రాయమని అందరూ అంటారు, నాకు పొద్దున ఒక్క మాట కూడా తోచదు. – విజయవాడ

జవాబు: తోచకపోతే పొద్దున రాయకండి. కొందరి ఒళ్లు పొద్దున చురుగ్గా ఉంటుంది, కొందరిది రాత్రి. మీ వయసులో రాత్రి వైపు ఉండేవాళ్లు ఎక్కువ, వయసు పెరిగేకొద్దీ చాలామందిలో అది కాస్త పొద్దుటి వైపు జరుగుతుంది కూడా. ఇందులో తప్పేమీ లేదు.

తప్పు టీ దగ్గర ఉంది. మెలకువగా ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పెరుగుతూ ఉంటుంది, నిద్ర వచ్చేలా చేసేవాటిలో అదొకటి. కెఫీన్ దాన్ని తొలగించదు, అది తగిలే చోట్లని తను ఆక్రమిస్తుంది, అంతే. అలసట అలాగే ఉంటుంది, మీకు కబురు అందదు. పైగా తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది. పదకొండింటికి తాగిన టీలో సగం నాలుగింటికి ఇంకా ఉంటుంది. పడుకునేది మూడింటికైనా ఆ నిద్ర సరిగా ఉండదు, మర్నాడు షాపులో తూలుతారు, ఆ తూలు పోవడానికి మళ్లీ టీ. సాయంత్రం ఐదింటితో టీ ఆపండి. మొదటి నాలుగైదు రోజులు తలనొప్పి ఉండొచ్చు. రాసే వేళని ఒంటిగంట నుంచి పదిన్నరకి, వారానికి అరగంట చొప్పున జరుపుకుంటూ రండి. మీకు నిజంగా కావలసింది ఒంటిగంట కాకపోవచ్చు, ఇంట్లో వాళ్లంతా పడుకున్నాక దొరికే నిశ్శబ్దం, ఎవరూ మెసేజ్ పెట్టరన్న ధైర్యం కావచ్చు. అవి ఫోను ఆపేసి పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చున్నా దొరుకుతాయి. నడిచినా మంచిదే, నడుస్తున్నప్పుడు కొత్త ఊహలు ఎక్కువగా వస్తాయని 2014లో స్టాన్‌ఫర్డ్‌లో చేసిన ప్రయోగాల్లో కనిపించింది. ఒక్కటే సరైన జవాబు ఉండే పనులకి మాత్రం నడక కలిసిరాలేదు. కాబట్టి పల్లవి నడుస్తూ వెతకండి, ట్యూన్‌కి మాటలు కూర్చేటప్పుడు కూర్చోండి.

ప్రశ్న: టీవీ సీరియల్‌కి చాలా ఏళ్లుగా డైలాగులు రాస్తున్నాను. రేపటి షూటింగ్‌కి ఇవాళ రాత్రి సీన్లు ఇవ్వాలి. ఇదివరకు పాత్ర పేరు చెప్తే చాలు, మాట దానంతటదే వచ్చేది. ఇప్పుడు అత్తా కోడలూ విలనూ అందరూ ఒకేలా మాట్లాడుతున్నారు. రాసింది టీవీలో వస్తుంటే చూడబుద్ధి కావడం లేదు. ఏకాగ్రత పెరగడానికి ఏదైనా పద్ధతి చెప్పండి. – ఒక రచయిత, హైదరాబాద్

జవాబు: మీకు పద్ధతి చెప్పను. రోజూ సీన్లిచ్చే మనిషికి ఏకాగ్రత లేదంటే నేను నమ్మను. మీరు రాసిన వాటిలో మూడు సంగతులున్నాయి. ఓపిక అయిపోవడం, చేసే పని మీద మనసు విరిగిపోవడం, ఇదివరకటిలా చెయ్యలేకపోతున్నానని అనిపించడం. ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్ అనే స్థితిని ఈ మూడింటితోనే వివరిస్తుంది, దాన్ని జబ్బుల్లో కలపదు, సరిగా చూసుకోని దీర్ఘకాలపు పని ఒత్తిడి వల్ల వచ్చేదిగా చెబుతుంది. అంటే మార్పు ముందు పని వైపు నుంచి రావాలి. ఇంకో రచయితని తోడు తీసుకోండి, వారానికి రెండు ఎపిసోడ్లు వాళ్లకి వదలండి, డబ్బు కొంత తగ్గుతుంది, తగ్గనివ్వండి. నాలుగు సీన్ల బ్యాంకు ముందుగా తయారు చేసుకునేలా నిర్మాతతో మాట్లాడండి. ఏ రోజుకారోజు రాసే పద్ధతి మిమ్మల్ని మాత్రమే కాదు, సెట్ మీద అందర్నీ అరగదీస్తోంది, ఈ మాట ఎవరో ఒకరు అనాలి.

ఇక పాత్రలన్నీ ఒకేలా మాట్లాడటం. ఎప్పుడు చూసినా ఇవ్వడమే గానీ వినడం లేకపోతే అలా అవుతుంది. మీరు చివరిసారి రైతుబజార్లో నిలబడి బేరం విన్నది ఎప్పుడు? పల్లెవెలుగు బస్సులో వెనక సీట్లో కూర్చున్నది ఎప్పుడు? వారంలో ఒక పూట, రాయడానికి కాదు, వినడానికి తిరగండి. సీరియల్‌తో సంబంధం లేని పుస్తకం చదవండి. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో పోయేవరకు చందమామ పని చూస్తూనే కథలు, నవలలు, సినిమా నుంచి సైన్సు దాకా వ్యాసాలు రాశారు. అందరికీ అంత సాధ్యమని అనను. కానీ ఒక రకం రాత రోజూ చెయ్యాల్సి వచ్చినప్పుడు పక్కన వేరే రకం రాత కాస్త ఉండటం మేలు చేస్తుందని నా నమ్మకం. డైరీలో నాలుగు వాక్యాలైనా సరే, ఏ ఛానల్‌కీ ఇవ్వక్కర్లేనివి రాసుకోండి.

రెండు వారాలకు మించి దేనిమీదా ఆసక్తి లేకపోతే, పనే కాదు, తిండి, స్నేహితులు, పిల్లల మాటలు కూడా రుచించకపోతే, అది పని ఒత్తిడి కన్నా ఎక్కువైనది కావచ్చు. సైకియాట్రిస్టుని కలవండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, ఉచితం. వాయిదా వెయ్యకండి, షూటింగ్ ఆగదు అనొద్దు.

ప్రశ్న: రిటైరైన లెక్కల టీచర్ని, 67 ఏళ్లు. మా ఊరి చరిత్ర రాస్తున్నాను. పొద్దున బాగానే సాగుతుంది. భోంచేశాక కూర్చుంటే కళ్లు మూతలు పడతాయి. పట్టుదల తగ్గిందా? – కరీంనగర్

జవాబు: లేదు మాస్టారూ. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు మధ్య ఒంట్లో చురుకు సహజంగానే తగ్గుతుంది, అన్నం ఎక్కువ తిన్నరోజు ఇంకాస్త. ఇరవై నిమిషాలకి అలారం పెట్టుకుని పడుకోండి. గంట దాటితే గాఢనిద్రలోంచి లేవాల్సి వస్తుంది, ఆ మత్తు దిగడానికి ఇంకో అరగంట పోతుంది. లేచాక కొత్తగా రాయకండి, పాత పహాణీలు, శాసనాల నకళ్లు చూసుకోవడం, ఊళ్లో పెద్దవాళ్లని కలిసి అడగడం లాంటివి ఆ వేళకి పెట్టుకోండి. కొత్తగా ఏదైనా మందు మొదలుపెట్టాక ఈ మగత వచ్చిందా అన్నది మాత్రం చూసుకుని డాక్టరుకి చెప్పండి.